సభను బహిష్కరించడం, సభ నుంచి బహిష్కరించడం

అనువాదకురాలు:
న్యూయార్క్ సోషలిస్టు న్యాయవాది లూయీ వాల్డ్‌మన్ జీవితం మీద వ్యాసం రాస్తున్నాను. 1920లో అక్కడి రాష్ట్ర శాసనసభ ఆయన సభ్యత్వాన్నీ మరో నలుగురు సోషలిస్టుల సభ్యత్వాన్నీ తీసేసింది. ఆ భాగానికి ‘సభా బహిష్కరణ’ అని శీర్షిక పెడితే, చదివిన స్నేహితురాలు “వాకౌట్ చేశారా?” అని అడిగింది. ఏ మాట వాడమంటారు?

మాజీ ఉపసంపాదకుడు:
ఆమె అడిగింది న్యాయమేనమ్మా. పత్రికల్లో ‘సభను బహిష్కరించారు’ అంటే ప్రతిపక్షం తనంతట తాను బయటికి వెళ్ళినట్టు. ‘సభ నుంచి బహిష్కరించారు’ అంటే సభే పంపించేసినట్టు. పని చేసినవాడెవడో, పడినవాడెవడో ఆ ‘ను’, ‘నుంచి’ తేలుస్తాయి. శీర్షికలకు మా డెస్కులో బర్తరఫ్, ఉద్వాసన, వేటు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. బర్తరఫ్ మంత్రులకు సరిపోతుంది కానీ, జనం ఓట్లతో వచ్చినవాడికి నప్పదు. ‘వేటు’ అంటే సస్పెన్షనా, అనర్హతా, ఉద్యోగం ఊడటమా అన్నది వార్త చదివితే గానీ తెలియదు. అది బద్ధకస్తుల మాట. ఇంతకీ జరిగిందేమిటి?

అనువాదకురాలు:
రెండు దశల్లో జరిగిందండీ. 1920 జనవరి 7న, సమావేశాల తొలిరోజున, సభ్యులు ప్రమాణం చేశాక స్పీకర్ థాడియస్ స్వీట్ ఐదుగురినీ తన ముందు నిలబెట్టించారు. సభ 140–6 ఓట్లతో వాళ్ళను సస్పెండ్ చేసింది. ఆ తరువాత విచారణ. మోరిస్ హిల్‌క్విట్, సీమోర్ స్టెడ్‌మన్ వాళ్ళ తరఫున వాదించారు. రిపబ్లికన్ పార్టీవాడైన మాజీ గవర్నర్ చార్ల్స్ ఎవాన్స్ హ్యూస్ కూడా దీన్ని తప్పుపట్టారు. అయినా ఏప్రిల్ 1న సభ్యత్వాలు పోయాయి. వాళ్ళు చేసిన నేరమంటూ ఏమీ లేదు, సోషలిస్టు పార్టీలో ఉండటమే అభ్యంతరం. నన్నడిగితే విచారణ వట్టి తంతు.

అప్పటికి వాల్డ్‌మన్ ఇంకా వకీలు కాదు. ఉక్రెయిన్ నుంచి 1909లో వచ్చి, బట్టలు కత్తిరించే పని చేస్తూ ఇంజనీరింగ్ చదివారు. 1911లో ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారం తగలబడి 146 మంది చనిపోయినప్పుడు ఆ ఘోరాన్ని వీధిలో నిలబడి కళ్ళారా చూశారు. 1917లో మొదటిసారి గెలిచారు. న్యాయవాద వృత్తిలోకి వచ్చింది 1923లో.

తెలుగు మాస్టారు:
చిక్కంతా సమాసంలో ఉంది. ‘చోరభయం’ అంటే దొంగ వలన భయం, పంచమీ తత్పురుషం అని పిల్లలకు చెబుతాం. అదే దారిలో ‘సభా బహిష్కరణ’ను సభ నుంచి బహిష్కరణ అని విడదీయవచ్చు. సభను బహిష్కరించడం అనీ విడదీయవచ్చు. సమాసం చేయగానే విభక్తి పోతుంది, దానితోపాటు కర్త కూడా కనపడకుండా పోతాడు. వ్యాకరణం రెంటినీ ఒప్పుకుంటుంది, వాడుక మాత్రం రెండోదానివైపే మొగ్గింది.

చరిత్ర విద్యార్థి:
ఆ మొగ్గుకు కారణం జాతీయోద్యమమేమో మాస్టారూ. విదేశీ వస్త్ర బహిష్కరణ, శాసనసభల బహిష్కరణ, అన్నీ మనం వదిలిపెట్టినవే. శాసనసభల్లోకి వెళ్ళకూడదని కలకత్తా ప్రత్యేక కాంగ్రెస్ తీర్మానించింది కూడా 1920 సెప్టెంబరులోనే.

అనువాదకురాలు:
భలే గుర్తుచేశారు. అదే సెప్టెంబరులో న్యూయార్క్‌లో ఖాళీ అయిన స్థానాలకు ఎన్నికలు జరిగాయి. ఐదుగురూ మళ్ళీ గెలిచారు! సభ వాల్డ్‌మన్, క్లాసెన్స్, సాలమన్‌లను మళ్ళీ పంపించేసింది. డెవిట్, ఆర్‌లను ఉండనిచ్చింది. వాళ్ళిద్దరూ అందుకు నిరసనగా రాజీనామా చేసి వచ్చేశారు. అంటే ‘నుంచి’ ముగ్గురికి, ‘ను’ ఇద్దరికి!

కొత్త సభ్యుడు:
అచ్చతెలుగులో ‘వెలివేత’ అనకూడదా?

మాజీ ఉపసంపాదకుడు:
వద్దు బాబూ. ఆ మాట వినగానే ఊరు, కులం, నిప్పూ నీళ్ళూ బంద్ చేయడం గుర్తొస్తాయి. ఇక్కడ వాళ్ళను గెలిపించిన పేటలు వాళ్ళ వెంటే ఉన్నాయి కదా. వెలి ఎక్కడుంది?

తెలుగు మాస్టారు:
ఉద్వాసన కూడా వద్దనే నా మాట. పూజ ముగిశాక దేవుణ్ణి మర్యాదగా సాగనంపేది ఉద్వాసన. పత్రికలు దాన్ని వెటకారానికి వాడుకుంటున్నాయి. పోనీ ‘సభ్యత్వ రద్దు’ ఎలా ఉంటుంది?

మాజీ ఉపసంపాదకుడు:
అర్థానికి లోటు లేదు. కానీ రేషన్ కార్డు రద్దు, రైలు రద్దు లాగా ఉంటుంది మాస్టారూ. ఎన్నిక చెల్లలేదని కోర్టు కొట్టేసినా రద్దే అంటాం. సాటి సభ్యులే చేతులారా పంపించారన్న సంగతి అందులో కనపడదు. సమాసం మానేసి ‘సభ నుంచి ఐదుగురి బహిష్కరణ’ అనండి. శీర్షిక ఒక మాట పొడవైతే కొంప మునగదు.

అనువాదకురాలు:
అదే పెడతాను. జనవరిలో జరిగిన దానికి ‘సస్పెన్షన్’ అనే ఉంచుతాను, పాఠకులకు అలవాటైన మాటే కదా. ఆ తరువాత 1928, 1930, 1932ల్లో గవర్నర్ పదవికి పోటీచేసి ఓడిపోవడం, కార్మిక సంఘాల వకీలుగా పేరు తెచ్చుకోవడం ఇంకా రాయాలి. 1936లో ఆయన సోషలిస్టు పార్టీని వదిలి వచ్చేశారు. అక్కడ మాత్రం ‘బహిష్కరణ’ జోలికి పోను.

తెలుగు మాస్టారు:
‘నిష్క్రమణ’ అనండి. దానికి కర్త ఒక్కడే.