డబ్బు లేనివాళ్లు పిల్లల్ని ఆటల్లోకి పంపకూడదా? గోపీచంద్ గారి మాట మీద మీరేమంటారు?

గుంటూరు_అమ్మ
మా పాప ఎనిమిదో తరగతి. బ్యాడ్మింటన్‌లో ఈ ఏడు జిల్లా ఫైనల్ దాకా వెళ్లింది. కోచ్ గారేమో "ఇక్కడుంటే ఇంతే అమ్మా, హైదరాబాద్ పంపండి, చదువు ఓపెన్ స్కూల్లో కట్టేయండి" అంటున్నారు. మాది ఎరువుల కొట్టు. అప్పులు లేవు, అలాగని మిగిలేదీ లేదు. మావారు పంపుదామంటారు, మా అత్తగారు వద్దంటారు.

2025 ఫిబ్రవరిలో పుల్లెల గోపీచంద్ గారు ఒక ఇంటర్వ్యూలో, డబ్బున్న కుటుంబమో సొంత వ్యాపారమో ఉంటే తప్ప పిల్లల్ని ఆటల్లో పెట్టమని సలహా ఇవ్వనన్నారు. ఆటల్లోకి వచ్చినవాళ్లలో ఒక్క శాతం కూడా దాన్ని బతుకుతెరువు చేసుకోలేరన్నారు. సైనాని, సింధుని తీర్చిదిద్దిన మనిషే అలా అంటే మాలాంటివాళ్లం ఏమనుకోవాలి? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోర్టు_పక్క_కుర్చీ
ఆయన అన్నది నూటికి నూరుపాళ్లు నిజం మేడమ్. మా అబ్బాయి ఇంటర్ దాకా ఆడాడు.

అకాడమీ ఫీజు ఒక్కటే లెక్కేసుకోకండి. ఈ స్థాయిలో ఆడేది ఈకల షటిల్‌తో. గట్టిగా కొట్టే ఇద్దరు ఆడితే నాలుగు ర్యాలీలకే ఈక విరుగుతుంది, షటిల్ గాల్లో వంకర తిరుగుతుంది, ఇక అది ప్రాక్టీసుకు కూడా పనికిరాదు. రాకెట్ తీగల గట్టింగు తెగుతూనే ఉంటుంది. పక్కకి జరిగే ఆట కాబట్టి బూట్లు బొటనవేలి దగ్గర అరిగిపోతాయి. ర్యాంకింగ్ టోర్నమెంట్లు ఒకటి గోవాలో, ఇంకొకటి హర్యానా పంచకులలో. పిల్లాడితో ఒకరు వెళ్లాలి. క్వాలిఫయింగ్ మొదటి రౌండ్లో ఓడితే రూము అడ్వాన్సు వదులుకుని జనరల్ బోగీలో వెనక్కి రావాలి. మాకు పాయింట్ల కంటే రైలు టిక్కెట్ల కట్టే పెద్దదయింది.

చివరికి మోకాలు పోయింది. అప్పటిదాకా "మనవాడు" అన్న కోచ్ ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు.

పీఈటీ_మాష్టారు
నేను వరంగల్ జిల్లాలో సర్కారు బడిలో పీఈటీని. గోపీచంద్ గారి మీద గౌరవం ఉంది. అకాడమీ కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టిన మనిషి. కానీ ఆయన చూసిన లెక్క బ్యాడ్మింటన్ లెక్క. అన్ని ఆటలకీ అదే లెక్క కట్టద్దు.

మా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవాళ్లు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కంచు పతకం తెచ్చింది. విశాఖ హర్డిల్స్ అమ్మాయి జ్యోతి యర్రాజి వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. క్రికెటర్ తిలక్ వర్మ నాన్న ఎలక్ట్రీషియన్. వీళ్లలో ఏ ఇంట్లో డబ్బు మూలుగుతోంది?

పరుగు, కబడ్డీ, బాక్సింగు మీ ఊళ్లో కూడా మొదలుపెట్టొచ్చు. హైదరాబాద్ దగ్గరి హకీంపేట స్పోర్ట్స్ స్కూల్లో తిండి, బస, చదువు, కోచింగు అన్నీ ప్రభుత్వమే చూసుకుంటుంది. ఏ ఆట ఆడతావని కూడా ముందే అడగరు. 800 మీటర్లు ఉరికించి, నిలబడ్డచోటి నుంచి దూకించి, మెడిసిన్ బాల్ విసిరించి, ఎత్తు, బరువు చూసి తీసుకుంటారు.

కోర్టు_పక్క_కుర్చీ
మాష్టారూ, హకీంపేటలో చేరేది నాలుగో తరగతికి. ఈమె పాప ఎనిమిది. పైగా మీరు చెప్పింది గెలిచిన ముగ్గురి పేర్లు. వాళ్లతో పాటు పరిగెత్తి ఓడినవాళ్లు ఇప్పుడేం చేస్తున్నారో చెప్పండి. మా వాడితో డబుల్స్ ఆడిన కుర్రాడు ఇప్పుడు గంటల లెక్కన అద్దెకిచ్చే టర్ఫ్ గ్రౌండులో బుకింగులు చూసుకుంటున్నాడు. పేపర్లో వాడి పేరు రాదు కదా.

పీఈటీ_మాష్టారు
ఓడినవాళ్లలో నా శిష్యులు కానిస్టేబుళ్లయ్యారు, ఆర్మీకి పోయారు. పరుగు పందెం ఓడినా ఫిజికల్ టెస్టుకి అక్కరకొచ్చింది. ఇది మాత్రం షటిల్ ఆడినోళ్లకు తక్కువే, ఒప్పుకుంటా.

రైల్వే_లిబెరో
ఇద్దరూ పతకాల గురించే మాట్లాడుతున్నారు. నేను వాలీబాల్ ఆడి స్పోర్ట్స్ కోటాలో సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా. టీవీలో ఎప్పుడూ కనబడలేదు. నెల జీతం వస్తోంది, టోర్నమెంటుకి స్పెషల్ సెలవిస్తారు.

అమ్మా, బ్యాడ్మింటన్‌లో సింధుకి, శ్రీకాంత్‌కి డిప్యూటీ కలెక్టర్ పోస్టులు, బాక్సర్ నిఖత్ జరీన్‌కి డీఎస్పీ ఇచ్చారని చూసి లెక్కలు వేయకండి. అవి పదేళ్లకి ఒకరిద్దరికి. మనలాంటివాళ్లకి దారి కింది మెట్లలో ఉంది. కేంద్రంలో గ్రూప్ సీ ఉద్యోగాల్లో 5 శాతం దాకా క్రీడాకారుల్ని తీసుకునే వీలుంది. ఆంధ్రాలో కోటా 2 నుంచి 3 శాతం చేశారు, 2025 మెగా డీఎస్సీలో టీచరు పోస్టులు కూడా దాని కింద ఇచ్చారు.

ఇక్కడ పనికొచ్చేది కప్పు కాదు, కాగితం. కేంద్ర ఉద్యోగాలకి దేశం తరఫున ఆడితే ఫారం 1, రాష్ట్రం తరఫున నేషనల్స్ ఆడితే ఫారం 2, ఇంటర్ యూనివర్సిటీకి ఫారం 3, స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4. సంతకం చేసే సంఘానికి గుర్తింపు ఉందా లేదా చూసుకోవాలి. నాతో ఆడినవాడు ఒకడు నాకంటే మంచి ప్లేయర్. రెండు వర్గాలుగా చీలిన సంఘంలో గుర్తింపు లేని వర్గం పెట్టిన పోటీలు ఆడాడు. సర్టిఫికెట్లు ఫైలు నిండా ఉన్నాయి, వెరిఫికేషన్‌లో ఒక్కటీ నిలబడలేదు.

ఇంకోటి. డిగ్రీ లేకపోతే కోటాలో వచ్చినా కింది పోస్టులోనే ఆగిపోతారు. ఓపెన్ స్కూలు తప్పు కాదు, కానీ "కట్టేయండి" అనే మాట విని భయమేసింది. కట్టేస్తే సరిపోదు, చదవాలి.

డాలస్_బావ
అమెరికాలో కాలేజీలు స్పోర్ట్స్ స్కాలర్‌షిప్ ఇస్తాయి. పాపని టెన్నిస్‌కి మార్చండి.

రైల్వే_లిబెరో
బావా, టెన్నిస్ కోర్టు అద్దె, కోచ్ ఫీజు ఎంతో ముందు కనుక్కుని ఈవిడకి చెప్పు 🙏

హైమ_ఫిజియో
నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది మీ పాప వయసువాళ్లే. పదమూడు, పద్నాలుగేళ్లకి ఎముక పెరుగుతుంటుంది, కండ ఇంకా అందుకోదు. అప్పుడే అకాడమీ మారుస్తారు, రోజుకి రెండు పూటలు ఆడిస్తారు. మోకాలి చిప్ప కింద నొప్పి మొదలవుతుంది. "టోర్నమెంటు అయ్యాక చూద్దాం" అంటారు. ఆడపిల్లలయితే నెలసరి ఆగినా కోచ్‌కి చెప్పరు, తిండి తగ్గించేస్తారు. ఇప్పుడు అకాడమీకి వెళ్తే పతకాల ఫొటోలు చూడకండి. దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు, వారానికి ఎన్ని రోజులు విశ్రాంతి, హాస్టల్లో ఏం పెడతారు, అమ్మాయిలకి వార్డెన్ ఉందా, ఇవి అడగండి. జవాబు తడుముకుంటే వచ్చేయండి.

మందుల సంగతి కూడా పాపకి ఇప్పుడే నేర్పాలి. జలుబు మాత్రల్లో సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, పోటీ రోజుల్లో మోతాదు మించితే డోపింగే. జిమ్ వాళ్లిచ్చే పౌడర్ డబ్బాలైతే అసలే వద్దు. "తెలియక తిన్నా" అంటే నిషేధం పోదు. డోపింగ్‌ని అరికట్టే జాతీయ సంస్థ నాడా వాళ్ల 'నో యువర్ మెడిసిన్' యాప్‌లో మందు పేరు కొడితే నిషేధమో కాదో తెలుస్తుంది. రాకెట్ పట్టడం ఎంత ముఖ్యమో ఇదీ అంతే.

ఆట ఆగిపోయినవాళ్లకి దారులు లేవనకండి. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) కోచింగ్ డిప్లొమా ఉంది, ఫిట్‌నెస్ ట్రైనర్లు, వీడియో అనలిస్టులు, అంపైర్లు కావాలి. కానీ వాటిలో చాలావాటికి కనీసం ఇంటర్ సైన్సో, డిగ్రీయో అడుగుతారు. లిబెరో గారు చెప్పిందే మళ్లీ.

కోర్టు_పక్క_కుర్చీ
హైమ గారూ, మా వాడి మోకాలప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేరు.

పీఈటీ_మాష్టారు
కేంద్రం వాళ్ల క్రీడా పథకం ఖేలో ఇండియాకి ఎంపికయితే ఏడాదికి 6.28 లక్షల మేర ఖర్చు ప్రభుత్వానిదే, అందులో 1.2 లక్షలు నేరుగా చేతికొస్తాయి. ఆ స్థాయికి చేరేదాకా మాత్రం తల్లిదండ్రుల జేబే. అందుకే ఆ మధ్య రెండు మూడేళ్లలోనే చాలామంది రాలిపోతారు. గోపీచంద్ గారి మాటలో అసలు బాధ ఇదేనని నా అనుమానం. దానికి మందు పిల్లల్ని ఆపడమా, జిల్లాల్లో మంచి కోర్టు, మంచి కోచ్ పెట్టడమా?

కోర్టు_పక్క_కుర్చీ
పెట్టాలి సార్. పెట్టేలోపు ఈమె పాపకి పెళ్లీడొస్తుంది.

గుంటూరు_అమ్మ
అందరికీ దండాలు. రాత్రి మావారితో కూర్చుని అన్నీ చదివాం. పదో తరగతి దాకా ఇక్కడే ఉంచుతాం, బడి మానిపించం. సెలవుల్లో హైదరాబాద్ క్యాంపుకి పంపుతాం. అప్పటికి రాష్ట్ర జట్టులోకి వస్తే పంపుదామని ఆయన, స్కూల్ నేషనల్స్ ఆడితే చాలు పంపుదామని నేను. అక్కడ మా ఇద్దరికీ ఇంకా తెగలేదు.

లిబెరో అన్నా, స్కూల్ నేషనల్స్‌కి ఫారం 4 అన్నారు కదా, అది ఎవరిస్తారు? పోయినేడు స్కూల్ గేమ్స్‌లో జిల్లా తరఫున ఆడింది, ఒక సర్టిఫికెట్ ఇచ్చారు, లామినేషన్ కూడా చేయించాను.

రైల్వే_లిబెరో
జిల్లా సర్టిఫికెట్ దీనికి చాలదమ్మా, రాష్ట్రం తరఫున జాతీయ స్కూల్ పోటీల్లో ఆడాలి. ఫారం మీద రాష్ట్ర విద్యాశాఖ అధికారి సంతకం ఉండాలి. ఆడిన వెంటనే తెచ్చుకోండి, ఏళ్ల తర్వాత వెళ్తే రికార్డు దొరకదంటారు. లామినేషన్ ఇకమీదట చేయించకండి, వెరిఫికేషన్‌లో ఒరిజినల్ మీద స్టాంపు వేయాల్సొస్తే ఇబ్బంది పెడతారు.