మొదటి గేమింగ్ పీసీ: 5600జీతో సర్దుకోనా, ఇప్పుడే గ్రాఫిక్స్ కార్డు కొననా?

అందరికీ నమస్కారం. మొదటిసారి సొంతంగా పీసీ బిగించుకుంటున్నాను, బడ్జెట్ బాగా టైట్. మానిటర్ పాతదే, 1080పీ, 60 హెర్ట్జ్. కాబట్టి భారీ కార్డు అక్కర్లేదు.

తేలనిది ఒక్కటే. రైజెన్ 5 5600జీ ప్రాసెసర్ తీసుకుంటే గ్రాఫిక్స్ అందులోనే ఉంటాయి, కార్డు సంగతి తర్వాత చూసుకోవచ్చు. కానీ దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలుండే వేగమైన మెమరీ) 16 ఎంబీ మాత్రమే, మామూలు 5600కి 32. పైగా కార్డును ప్రాసెసర్‌తో కలిపే పీసీఐఈ దారి పాత 3.0 దగ్గరే ఆగిపోతుంది. తర్వాత కొందామనుకుంటున్న ఆర్‌ఎక్స్ 6600 కార్డు ఆ దారిలో ఎనిమిది లేన్లే వాడుతుంది కదా, అప్పుడు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) ఎంత తగ్గుతుంది? ఆడుతున్నప్పుడు ఆ తేడా తెలుస్తుందా? పోనీ 5600 కొందామంటే, కార్డు లేకుండా స్క్రీన్ మీద బొమ్మే రాదు. అంటే ఇప్పుడే సెకండ్ హ్యాండ్ కార్డు వెతుక్కోవాలి. క్రిప్టో మైనింగ్‌లో నలిగిపోయిన కార్డు అంటగడతారేమోనని టెన్షన్. కొనేముందు ఏం చూడాలి? ఫ్యాన్ల చప్పుడా, వేడా, కాసేపు స్ట్రెస్ టెస్ట్ పెట్టి చూస్తే చాలా?

ర్యామ్ డీడీఆర్4 3200, 8 జీబీవి రెండు. పవర్ సప్లై 550 వాట్లు, అందులో మాత్రం కక్కుర్తి పడను. మదర్‌బోర్డు బీ450 రకం అనుకుంటున్నాను, కానీ పాత స్టాక్ వస్తే బయోస్ (బోర్డును స్టార్ట్ చేసే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయనిదే 5000 సిరీస్ ప్రాసెసర్‌తో ఆన్ కాదట. ప్రాసెసర్ పెట్టకుండానే పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ అయ్యే బోర్డు ఎవరైనా వాడుతుంటే మోడల్ పేరు చెప్పండి.