మళ్లీ మళ్లీ అదే కొలత వస్తున్నా దూరం తప్పు కావచ్చా?

ప్రశ్న:
చదునైన నేల మీద 120 మీటర్ల రేఖను 30 మీటర్ల ఉక్కు టేపుతో పలుమార్లు కొలిచాము. కొలతల మధ్య తేడా 3 మిల్లీమీటర్లు దాటలేదు. అయితే వాటి సగటు, ఆ రేఖకు ముందే నిర్ధారించి ఉన్న పొడవు కంటే 19 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. కొలిచే సమయంలో టేపు ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. ఇది యాదృచ్ఛిక దోషమా, క్రమబద్ధ దోషమా, లేక పొరపాటా? ఇంకొన్నిసార్లు కొలిచి సగటు తీస్తే తేడా తగ్గుతుందా?

మొదటి జవాబు:
తగ్గదు. యాదృచ్ఛిక దోషాలు ఒకసారి హెచ్చుగా, మరోసారి తగ్గుగా వస్తాయి కనుక సగటులో చాలావరకు కొట్టుకుపోతాయి. మీ తేడా మాత్రం ప్రతిసారీ ఒకే దిక్కుకు ఉంది, కాబట్టి అది క్రమబద్ధ దోషమే. ఉక్కు ఒక్కో సెల్సియస్ డిగ్రీకి తన పొడవులో లక్షకు సుమారు 1.16 వంతుల చొప్పున వ్యాకోచిస్తుంది. టేపును 20 డిగ్రీల వద్ద ప్రమాణీకరించి ఉంటే, 35 డిగ్రీల వద్ద 30 మీటర్లకు 5.2 మిల్లీమీటర్లు సాగుతుంది, సాగిన టేపు దూరాన్ని తక్కువగా చూపుతుంది. నాలుగు టేపు పొడవులకు అది సుమారు 21 మిల్లీమీటర్లు. ఆ సవరణ కలిపాక మిగిలే 2 మిల్లీమీటర్లు మీ కొలతల చెదురులోనే ఇమిడిపోతాయి కనుక వాటికి వేరే కారణం వెతకనక్కరలేదు. సవరణకు తీసుకోవలసినది గాలి ఉష్ణోగ్రత కాదు, ఉక్కు ఉష్ణోగ్రత అన్నది మాత్రం మరవకండి.

రెండో జవాబు:
దోషం పెరిగే తీరు కూడా దాని జాతిని పట్టిస్తుంది. టేపు పొడవుల సంఖ్య నాలుగు రెట్లయితే క్రమబద్ధ దోషం నాలుగు రెట్లవుతుంది, యాదృచ్ఛిక దోషం వర్గమూలం ప్రకారం రెండు రెట్లే అవుతుంది. ఒక టేపు పొడవు లెక్క తప్పడం, 6ను 9గా చదవడం వంటి పొరపాట్లకు ఏ సూత్రమూ ఉండదు. స్వతంత్రంగా మళ్లీ కొలిచి, అవి కనబడితే ఆ కొలతను తీసివేయాలే తప్ప సగటులో కలపకూడదు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఇదే టేపుతో సంవృత ట్రావర్స్ (వరుసగా భుజాలనూ కోణాలనూ కొలుస్తూ బయలుదేరిన బిందువుకే తిరిగి చేరే సర్వే) చేసి ఉంటే ముగింపు దోషంలో, అంటే లెక్కలో చివరి బిందువు మొదటి బిందువుతో కలవకుండా మిగిలే తేడాలో, ఇది బయటపడేదా?

మొదటి జవాబు రాసినవారు:
బయటపడదు, చాలామంది మోసపోయేది ఇక్కడే. ప్రతి భుజమూ ఒకే నిష్పత్తిలో తగ్గితే బహుభుజి మొత్తం ఆకారం మారకుండా చిన్నదవుతుంది, చక్కగా మూసుకుంటుంది కూడా. అందువల్ల పొడవు తెలిసిన ఒక రేఖతోనైనా సరిపోల్చక తప్పదు. కోణాల్లో కొంత వెసులుబాటు ఉంది: కోణాలు కొలిచే థియోడొలైట్ నిలువు వృత్తాన్ని ఒకసారి ఎడమ వైపు (ఫేస్ లెఫ్ట్), మరోసారి కుడి వైపు (ఫేస్ రైట్) ఉంచి తీసిన కొలతల సగటు, కాలిమేషన్ దోషాన్ని (చూపురేఖ దూరదర్శిని అడ్డ అక్షానికి లంబంగా లేకపోవడం వల్ల వచ్చేదాన్ని) తొలగిస్తుంది. కానీ పరికరం నిలువు అక్షం సరిగా నిలువుగా లేకపోవడం వల్ల క్షితిజ కోణంలో వచ్చే దోషాన్ని అది తొలగించదు. రెండు ఫేసుల్లోనూ ఆ దోషం ఒకే గుర్తుతో వస్తుంది. దానికి లెవెల్ బుడగను సరిచూసుకోవడమే మార్గం.