సమస్యాపూరణం: "చెట్టు లేని చోటఁ జిక్కె నీడ"

సమస్య ఇచ్చినవారు: ఈ పాదంతో ముగిసేలా పద్యం పూర్తి చేయాలి. ఇది ఆటవెలది అనే నాలుగు పాదాల తెలుగు పద్యంలో చివరి పాదం. ఐదూ సూర్యగణాలే (మూడు మాత్రల చిన్న అక్షర గుంపులు), నాలుగో గణం 'జి' మీద 'చె'కు యతి (పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన పొత్తు). ఇంట్లో మనిషి పోయాక ప్రకృతి ఇచ్చే ఊరట విషయం. చెట్టు లేకుండా నీడ ఎక్కడి నుంచి వచ్చిందో పద్యం చెప్పాలి. శోకం, దుఃఖం అనే మాటలు వాడకుండా రాస్తే మరీ సంతోషం.

చినుకు:
నాన్న లేని బాట నడచుచుండఁగ నేను
నెత్తి మాడ్చు నెండ నిలువరింప
మబ్బు తునక యొకటి మౌనమ్ముగా వచ్చె,
చెట్టు లేని చోటఁ జిక్కె నీడ.

తుమ్మెద: చినుకు గారూ, చాలా బాగుంది. మబ్బు నీడ ఎంతోసేపు ఉండదు, నాన్న లోటూ తీర్చదు. ఆ కాసేపే మీ పద్యానికి ప్రాణం. 'మాడ్చు నెండ'లో నుగాగమం (అచ్చుకు ముందు 'న్' వచ్చి చేరడం) కూడా సరిగ్గా పడింది. ఒక్క 'మౌనమ్ముగా' మాత్రం యతి కోసం తెచ్చిన మాటలా ఉంది. మబ్బు ఎలాగూ మాట్లాడదు కదా. 'మబ్బు తునక యొకటి మా చేనిపై నాగె' అంటే నాన్న నడిచిన చోటు కూడా పద్యంలోకి వస్తుంది.

చినుకు: మారుస్తాను. చేను అన్నాక నాన్న ఇంకా దగ్గరగా కనిపిస్తున్నారు.

రెల్లుపూలు:
తాత నాటినట్టి తరువు గాలికిఁ గూలె,
పుడమి లోని వేరు పులకరించె,
చినుకు తడికి లేచి చిగురాకు పందిరై
చెట్టు లేని చోటఁ జిక్కె నీడ.

సమస్య ఇచ్చినవారు: నడక హాయిగా ఉంది, యతులన్నీ కుదిరాయి. కానీ వేరు నుంచి మళ్లీ లేచినదీ చెట్టే. అంటే చెట్టు ఉన్న చోటే నీడ దొరికింది, సమస్య విడలేదు. ఇంకో మాట. పోయినది అలాగే తిరిగి వచ్చేస్తే తాత పోయిన బరువు పద్యంలో నిలవదు. నీడ వేరే ప్రాణి నుంచి రావాలి. రెండో పాదం ఒక్కటి మారిస్తే చాలు:

పాత మోడు పైకిఁ బాకెఁ దీగె

అప్పుడు మూడో పాదంలోని పందిరి తీగెది అవుతుంది. కాళిదాసు రఘువంశం ఎనిమిదో సర్గలో, భార్య ఇందుమతి పోయాక అజ మహారాజు చేసే విలాపం గుర్తుకొస్తోంది. మామిడికీ ప్రియంగులతకీ పెళ్లి చేయాలనుకున్నావు, ఆ పెళ్లి చేయకుండానే వెళ్లిపోవడం తగునా అని ఇందుమతిని అడుగుతాడు. పోయిన మనిషి చేయి పడ్డ మొక్కలు కళ్లెదురుగా ఉంటే ఓదార్పూ గుచ్చుకుంటుంది. మీ మోడు మీది తీగెలో నాకు ఆ రెండూ కనిపిస్తున్నాయి.

రెల్లుపూలు: ఒప్పుకుంటున్నానండీ. తాత చెట్టు మళ్లీ లేవాలన్న ఆశతో అలా రాశాను. తీగె పాదమే ఉంచుతాను.

గువ్వ:
అమ్మ పోయినంత నక్క మాకై వచ్చి
కంటి నీరు తుడిచి కథలు చెప్పి
వెన్నెలందు మమ్ము వేలు పట్టుక తిప్పె,
చెట్టు లేని చోటఁ జిక్కె నీడ.

తుమ్మెద: మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. అయితే మొదటి పాదంలో సంధి వల్ల 'అక్క' కాస్తా 'నక్క' అని వినిపిస్తోంది. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, అచ్చుతో యతి కూడా సరిపోయింది. కానీ ఇంత ఆర్ద్రమైన చోట చెవికి వేరే అర్థం తగలకూడదు. 'అమ్మ లేని యింట నాసరా పెద్దక్క' అని చూడండి.

చినుకు: నాదో సందేహం. రాత్రి పూట నీడ దొరకడం ఏమిటి? పగలు అయితే ఇంకా సహజంగా ఉండేది కదా?

గువ్వ: పెద్దక్క పాదం తీసుకుంటున్నాను, తుమ్మెద గారికి నమస్కారం. వెన్నెల మాత్రం మార్చను. అమ్మ పోయాక మాకు కష్టమయ్యేది రాత్రులే. పగలంతా ఎవరో ఒకరు వచ్చిపోతూ ఉండేవారు. చీకటి పడ్డాక అక్క మమ్మల్ని ఆరుబయటకి తీసుకెళ్లేది. ఇక్కడ నీడ అంటే నాకు అక్కే.