ఈ ఈల వేసేది నిజంగా పిట్టేనా?

వానచినుకు:
అమెజాన్ అడవి చప్పుళ్లు వింటుంటే మధ్యలో ఒక రికార్డింగ్ తగిలింది. ఎవరో మనిషి తీరిగ్గా ఈల వేస్తూ, ఏ పాట ఎత్తుకోవాలో తేలక స్వరాలు వెతుక్కుంటున్నట్టుంది. పేరు చూస్తే మ్యూజీషియన్ రెన్ అని ఉంది. ఇది పిట్ట గొంతేనా, ఎవరైనా ఎడిట్ చేసి వదిలారా?

చెట్టుతొర్ర:
పిట్టేనండి, డౌట్ అక్కర్లేదు. బ్రెజిల్‌లో ఉయిరాపురు అంటారు, శాస్త్రీయ నామం సైఫోరైనస్ అరాడా. చూడ్డానికి ఏమంత ఆర్భాటం ఉండదు. గోధుమ రంగు ఒళ్లు, ఇటుక రంగు గొంతు, కంటి చుట్టూ ఈకల్లేని నీలి చర్మం, మొత్తం కలిపి 12, 13 సెంటీమీటర్లు. నేలకి దగ్గరగా, జంటగానో చిన్న గుంపుగానో పురుగుల్నీ సాలీళ్లనీ ఏరుకుంటూ తిరుగుతుంది, ఆ చీకటి పొదల్లో పక్కనే పాడుతున్నా కంటికి ఆనడం కష్టం. మళ్లీ ఒకసారి చెవి పెట్టి వినండి, తియ్యటి ఈలల మధ్య గరగరమని మోటు చప్పుళ్లు వస్తుంటాయి. మనిషైతే అవి వెయ్యడు కదా.

రాగమాల:
స్వరాలు వెతుక్కుంటున్నట్టు అనిపించడం ఊరికే కాదు. స్వరకర్త ఎమిలీ డూలిటిల్, పక్షుల పాటలు చదివే హెన్రిక్ బ్రుమ్ కలిసి 2012లో దీని మీద ఒక పేపర్ రాశారు. వరసగా వచ్చే రెండు స్వరాల మధ్య ఎడం చూస్తే స నుంచి పై స, స నుంచి ప, స నుంచి మ, ఇలా చెవికి హాయిగా కలిసే జంటలే ఈ పిట్ట ఎక్కువగా పాడుతోందట. స్వరాల ఎడం మార్చి తయారుచేసిన పాటల పక్కన వినిపిస్తే, వినేవాళ్లకి అసలుదే ఎక్కువ సంగీతంలా తోచింది. అలాగని పిట్టకి శ్రుతిజ్ఞానం ఉందని ఎగిరి గంతెయ్యకండి, మనుషుల పద్ధతిలో పాడుతోందని దాని అర్థం కాదు.

మొద్దునిద్ర:
ఇది పాడితే అడవిలో మిగతా పక్షులన్నీ నోరు మూసుకుని వింటాయని అక్కడ ఒక కథ ఉంది. మీ రికార్డింగ్‌లో వెనక కీచురాళ్లు ఆగాయా మరి? ఆ కథ పుణ్యమా అని, ఎండబెట్టిన పిట్ట దగ్గరుంటే ప్రేమా అదృష్టమూ కలిసొస్తాయని తాయెత్తుగా అమ్మేవాళ్లు కూడా తయారయ్యారు, పాడే పిట్టని చంపి దగ్గర పెట్టుకుంటే ఏం కలిసొస్తుందో! ప్రస్తుతానికి అంతరించే జాబితాలో లేదు. కానీ బ్రెజిల్‌లో మనౌస్ అనే ఊరి దగ్గర 1979 నుంచి నడుస్తున్న పరిశోధనలో తేలింది ఏంటంటే, అడవిని ముక్కలు చేస్తే కింది పొదల్లో పురుగులు తిని బతికే ఇలాంటి పిట్టలే ముందు మాయమవుతాయి.

వానచినుకు:
గరగర దొరికింది! కీచురాళ్లు ఆగలేదు 😄 కానీ ఉయిరాపురు అని వెతికితే ఎరుపూ పసుపూ మెరిసే పిట్టల ఫోటోలు వస్తున్నాయేంటి?

చెట్టుతొర్ర:
అవి మనాకిన్లు అనే వేరే పిట్టలు, వాటినీ అక్కడ అదే పేరుతో పిలుస్తారు. పక్షుల గొంతుల రికార్డింగులు పెట్టే జెనో-కాంటో వెబ్‌సైట్‌లో శాస్త్రీయ నామం కొట్టండి, పెరూవి, గయానావి పక్కపక్కన పెట్టి వినొచ్చు.