సజ్దా, సాష్టాంగం ఒకటేనా?

ప్రశ్న: నమాజులో చేసే సజ్దాను తెలుగులో సాష్టాంగం అని రాస్తున్నారు. అది సరేనా? రెండు సజ్దాల్లో ఒకటి మరిచిపోతే ఏం చేయాలండి?

జవాబు 1: భావం దగ్గరే, భంగిమ వేరు. సాష్టాంగంలో ఒళ్లంతా నేలకు ఆనుతుంది. సజ్దాలో ఆనేవి ఏడు: నుదురు (ముక్కుతో కలిపి), రెండు అరచేతులు, రెండు మోకాళ్లు, రెండు పాదాల వేళ్లు. మగవాళ్లకైతే పొట్ట తొడలకు ఎడంగా, మోచేతులు నేలకు పైన ఉండాలి. ‘మస్జిద్’ కూడా అదే ధాతువు నుంచి వచ్చింది, సజ్దా చేసే చోటు అని. నా మటుకు ‘సజ్దా’ అనే రాయడం మేలు.

జవాబు 2: ఎక్కువమంది తప్పేది పాదాల దగ్గర. నుదురు ఆనగానే వేళ్లు గాల్లోకి లేస్తాయి. వేళ్లు వంచి కిబ్లా (మక్కాలోని కాబా దిక్కు) వైపు ఆనించాలి. పరుపు మరీ మెత్తగా ఉంటే నుదురు కుదురుగా నిలవదు, గట్టిగా అదిమి పెట్టాలి. సజ్దాలో ‘సుబ్హాన రబ్బియల్ ఆలా’ అనే స్తుతి మామూలుగా 3 సార్లు. రెండు సజ్దాల మధ్య నడుము నిటారుగా కూర్చోవాలి. తల కాస్త ఎత్తి మళ్లీ వంచేస్తే అది కోడి గింజలు పొడిచినట్టే.

జవాబు 3: రకాతుకు (నమాజులో ఒక ఆవృత్తికి) 2 చొప్పున రోజు ఫర్జ్ (తప్పనిసరి) 17 రకాతుల్లో 34 సజ్దాలు. ఒకటి మరిస్తే సహూ సజ్దా (మరపుకు పరిహారంగా చివర్లో చేసేది) ఒక్కటే చాలదు, ఎందుకంటే సజ్దా ఫర్జ్. హనఫీ (ఒక ఇస్లామీ న్యాయ సంప్రదాయం) పద్ధతిలో నమాజు ముగిసేలోపు గుర్తొస్తే ముందు దాన్ని చేసి, తర్వాత చివరి కూర్చోవడంలో అత్తహియ్యాత్ (కూర్చుని చదివే ప్రార్థన) చదివి, కుడివైపు తల తిప్పి సలాం చెప్పి, 2 సహూ సజ్దాలు చేయాలి. షాఫియీలు (మరో సంప్రదాయం వారు) సహూ సజ్దాలను సలాంకు ముందే చేస్తారు.