పంప్డ్ స్టోరేజ్ మీద ప్రసంగం, తర్వాత సాగర్ పవర్‌హౌస్ టూర్: ఎలా ప్లాన్ చేయాలి?

క్లబ్_కార్యదర్శి:
మిర్యాలగూడలో మా ఇంజనీర్ల క్లబ్బు ఎనర్జీ టెక్నాలజీ మీద ప్రసంగాలు పెడుతోంది. ఈసారి అంశం పంప్డ్ స్టోరేజ్, అంటే మిగులు కరెంటుతో నీళ్లను పైకి ఎత్తి ఉంచి, అవసరమైనప్పుడు దింపి కరెంటు తీయడం. మరుసటి వారం 35 మందిని నాగార్జునసాగర్ మెయిన్ పవర్‌హౌస్‌కి తీసుకెళ్లాలని ఆలోచన. వచ్చేవాళ్లలో సివిల్ వాళ్లు, రైస్‌మిల్లు మెయింటెనెన్స్ వాళ్లు, డిప్లొమా విద్యార్థులు ఉన్నారు. ప్రసంగం ఎక్కడ మొదలుపెడితే అందరికీ అందుతుంది? అక్కడ ఏం చూడాలి, ఏం అడగాలి?

హైడ్రో_మెకానికల్:
ఇంటిమీది వాటర్ ట్యాంకుతో మొదలుపెట్టండి. 10 మీటర్ల ఎత్తులో 1000 లీటర్లు ఉంటే దాగిన శక్తి 98,100 జౌళ్లు, అంటే 27 వాట్-అవర్లు. 75 వాట్ల ఫ్యాను 22 నిమిషాలు తిరగడానికి మాత్రమే సరిపోతుంది. ఈ లెక్క బోర్డు మీద వాళ్లచేతే వేయించండి. కొండంత ఎత్తు, టీఎంసీల నీళ్లు ఎందుకు కావాలో ఇక వేరే చెప్పక్కర్లేదు.

తర్వాత సాగర్‌కి రండి. కిలోవాట్లు = 9.81 × క్యూమెక్కులు (సెకనుకు ఘనపు మీటర్లు) × హెడ్ (నీళ్లు దిగే ఎత్తు) మీటర్లలో × ఎఫిషియెన్సీ. హెడ్ 90 మీటర్లు, ఎఫిషియెన్సీ 0.9 అనుకుంటే 100 మెగావాట్లకు దాదాపు 126 క్యూమెక్కులు, అంటే 4,400 క్యూసెక్కుల పైచిలుకు. ఒక టీఎంసీ దింపితే సుమారు 62 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. అదే నీటిని 0.88 ఎఫిషియెన్సీతో వెనక్కి ఎత్తాలంటే 79 లక్షలు పడతాయి. 17 లక్షలు పోగొట్టుకుని ఎందుకు ఎత్తాలి అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. మధ్యాహ్నం సోలార్ మిగిలినప్పుడు ఎత్తి, సాయంత్రం పీక్‌లో దింపడానికే. ప్రసంగానికి ఇదే ప్రాణం, దీనికి పావుగంటైనా ఇవ్వండి.

గ్రిడ్_ఆపరేషన్:
సాగర్ మెయిన్ పవర్‌హౌస్‌లో ఒకటి 110 మెగావాట్ల మామూలు యూనిట్ (టర్బైన్-జనరేటర్ జత). మిగతా ఏడూ 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు, అంటే టర్బైన్‌గానూ పంపుగానూ పనిచేసేవి. పంపుగా నడిచేటప్పుడు అదే రన్నర్ (టర్బైన్ చక్రం) వెనక్కి తిరగాలి కాబట్టి రెండు ఫేజులు మారుస్తారు. మిల్లులో ఫార్వర్డ్-రివర్స్ స్టార్టర్ చేసేది ఇదే పని, ఇక్కడ సైజు వేరు. అంత యంత్రాన్ని నీళ్లలో ఉంచి స్టార్ట్ చేయడం కష్టం. అందుకే కంప్రెస్డ్ ఎయిర్‌తో డ్రాఫ్ట్ ట్యూబులోని (రన్నర్ కింది నీటి గొట్టంలోని) నీటిమట్టాన్ని కిందికి నెట్టి, రన్నర్‌ని గాలిలో తిప్పి, గ్రిడ్‌తో సింక్రనైజ్ అయ్యాకే (దాని లయతో కలిశాకే) నీళ్లు ఎక్కనిస్తారు. ఎయిర్ రిసీవర్లు ఎక్కడున్నాయో, స్టార్టింగ్ పద్ధతి ఏమిటో అడగండి.

టర్బైన్ పిట్ చూడనిస్తే గైడ్‌వేన్ల (రన్నర్‌లోకి వెళ్లే నీటిని పెంచి తగ్గించే రెక్కల) రింగునీ, దాన్ని తోసే సర్వోమోటార్లనీ చూడండి. లోడ్ మారినప్పుడు రాడ్డు జరగడం కంటికి కనిపిస్తుంది. గవర్నర్ (టర్బైన్ వేగాన్ని అదుపు చేసే పరికరం) గురించి గంట చెప్పినా అంత తెలియదు.

సత్రశాల దగ్గరి టెయిల్ పాండ్‌ని (దిగువ జలాశయాన్ని) వదిలేయకండి. సాగర్‌కి సుమారు 21 కిలోమీటర్ల దిగువన ఉంది, 2×25 మెగావాట్ల పవర్‌హౌస్ కూడా ఉంది. దిగువన నీళ్లు నిలవకపోతే పంపు చేయడానికి ఏమీ ఉండదు. మట్టం తగ్గితే కావిటేషన్ (నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగలడం) వచ్చి రన్నర్ దెబ్బతింటుంది.

సేఫ్టీ_బాధ్యుడు:
స్టేషన్ చీఫ్ ఇంజనీర్ పేరున క్లబ్బు లెటర్‌హెడ్ మీద ముందుగా ఉత్తరం ఇవ్వండి. పేర్లు, గుర్తింపు కార్డుల నంబర్లు, బస్సు నంబరు, రెండు ప్రత్యామ్నాయ తేదీలు అందులో ఉండాలి. పంపింగ్ చూడాలంటే ఆ రోజు షెడ్యూల్ ఉందా అని ఫోన్ చేసి కనుక్కోండి. రిజర్వాయర్ మట్టం, గ్రిడ్ అవసరం బట్టి అది రోజూ మారుతుంది.

35 మందిని ఒకేసారి లోపలికి తీసుకెళ్లొద్దు, 12 మంది చొప్పున మూడు బ్యాచులు చేయండి. మెషిన్ హాల్లో హోరుకి వెనకవాళ్లకి ఒక్క మాటా వినపడదు కాబట్టి వివరణంతా బయటే, డ్రాయింగ్ ముందు అయిపోవాలి. హెల్మెట్, మూసిన బూట్లు తప్పనిసరి. చున్నీలు, పైటకొంగులు బిగించి కట్టుకోవాలి. లోపలికి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టండి. 2020 ఆగస్టులో శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. ఎమర్జెన్సీ దారి చూపించాకే టూర్ మొదలవ్వాలి.

క్లబ్_కార్యదర్శి:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం: సోలార్ కొంచెమే మిగిలితే పంపుని సగం లోడ్‌లో నడపొచ్చా?

గ్రిడ్_ఆపరేషన్:
సాగర్‌లో లాంటి ఫిక్స్‌డ్ స్పీడ్ (ఒకే వేగంతో తిరిగే) యూనిట్‌లో కుదరదు. హెడ్ ఎంతుంటే దానికి తగ్గ పవర్ తీసుకుంటుంది, లేదంటే ఆపేయడమే. గైడ్‌వేన్లు మూసి తగ్గిద్దామంటే వైబ్రేషన్ పెరుగుతుంది. అందుకే ఉత్తరాఖండ్‌లోని టెహ్రీలో 4×250 మెగావాట్లకు వేరియబుల్ స్పీడ్ (వేగం మార్చగల) యూనిట్లు పెట్టారు. సాగర్‌లో అయితే ఎన్ని యూనిట్లు ఆన్ చేయాలన్నదే మీ చేతిలో ఉన్న సర్దుబాటు.